సూరత్‌లో నర్సయ్య బావ రెండో సూది

మా సిరిసిల్లలో సూరత్‌కు పనికి వెళ్లిన మనిషి లేని గల్లీ లేదు. ఊరు చూసి వచ్చానని చెప్పినవాళ్లు మాత్రం నాకు కనిపించలేదు. రోజుకు పన్నెండు గంటలు సాంచె, అంటే మరమగ్గం, ముందు నిలబడేవాడికి ఊరు చూసే తీరిక ఎక్కడిది? నాకు ఆరు రోజులు దొరికాయి, చూసి వచ్చాను. భయపడుతూ చూశాను కనుక అందంగా రాయలేకపోతే మన్నించాలి.

నేను ఏడో తరగతితో బడి మానేశాను. ఏ బట్టకు ఎంత నూలు పడుతుందో మరమగ్గాల యజమానులకు లెక్క కట్టి ఇవ్వడం నా పని. ఆ లెక్క నాకెవరూ నేర్పలేదు. నూలు చుట్టే పాత బీముల మీద చాక్‌పీసుతో రాసి ఉన్న అంకెలు చూసి నేర్చుకున్నాను. అంకె తప్పుగా కనిపిస్తే రాత్రి నిద్ర పట్టదు. ఈ ప్రయాణానికి కారణం కూడా అలాంటి అంకే.

మా అక్క భర్త నర్సయ్య బావ ఇరవై రెండేళ్లుగా సూరత్‌లో సాంచెలు నడుపుతున్నాడు. కరోనా రెండోసారి విరుచుకుపడ్డప్పుడు అక్కడే గదిలో పదకొండు రోజులు పడి ఉన్నాడు. ఆ పదకొండు రోజులూ మా అక్క ఫోన్ చెవికి పెట్టుకుని ఆయన ఊపిరి వింటూ కూర్చుంది. నూలు దుమ్ము నిండిన ఛాతీ, ఇంకోసారి వస్తే తట్టుకోదు, టీకా రెండో సూది కచ్చితంగా వేయించుకోవాలని డాక్టరు చెప్పాడు. వానాకాలంలో ఒకరోజు మా మేనకోడలు ఫోన్‌లో బావ సర్టిఫికెట్ తీసి చూపించింది. రెండు సూదులూ పూర్తి అని అందులో ఉంది. అక్క దండం పెట్టుకుంది. నేను తేదీ చూశాను. రెండో సూది సూరత్‌లో వేశామన్న రోజున బావ మా ఇంట్లో ఉన్నాడు. ఆరోజు మా అమ్మ సంవత్సరీకం. నా ఎదురుగా కూర్చుని రెండుసార్లు పప్పు వేయించుకున్నాడు.

ఫోన్ చేస్తే బావ తేలిగ్గా తీసుకున్నాడు. "నేను సూదికి పోతే 'నీకు అయిపోయింది, పో' అన్నరు బామ్మర్దీ. కంప్యూటర్‌ల ఉందట. కారఖానా వాళ్లు లోపలికి రానిస్తున్నరు గదా, ఇంకేంది?"

అక్క ఫోన్ లాక్కుంది. "కారఖానా రానిస్తే సరిపోతదా? నీ పానం సంగతేంది?" అని అరిచి, నా వైపు తిరిగింది. "తమ్మీ, మూడోసారి గూడ వస్తదంటున్నరు. నువ్వు పో. ఆయన చేతికి సూది పడంగ నీ కండ్లతోని చూసి రా."

బావ వచ్చి వెళ్లిన రైలు టికెట్లు దాచి ఉంచాను. అవి ఆ రోజు ఆయన సూరత్‌లో లేడనడానికి సాక్ష్యం. వాటినీ నా సర్టిఫికెట్‌నూ లామినేషన్ చేయించి సంచిలో పెట్టుకున్నాను.

రైలులో ఇరవై రెండు సెకన్లు

నా ఎదురు సీటులో సూరత్‌లో ఇంజినీరింగ్ చదివే ఖమ్మం అమ్మాయి కూర్చుంది. చుట్టుపక్కల కరోనా ఉన్నవాళ్లెందరో చెప్పే యాప్ ఆమె ఫోన్‌లో ఉంది. మహారాష్ట్ర దాటుతుండగా ఉన్నట్టుండి, "అంకుల్, అర కిలోమీటరులో ఒకరున్నారంట" అంది.

అంతే. అందరూ ముక్కు మీదికి మాస్కులు లాక్కున్నారు. పై బెర్తు మీద ఉల్లిగడ్డల సంచి తలకింద పెట్టుకున్న ముసలాయన అదే సమయంలో దగ్గాడు. కింద కూర్చున్న ఇద్దరు లేచి తలుపు దగ్గరికి వెళ్లిపోయారు.

నేను లెక్క వేశాను. రైలు గంటకు ఎనభై కిలోమీటర్లు పోతోంది. అర కిలోమీటరు దాటడానికి ఇరవై రెండు సెకన్లు. ఆ ఒక్కరు ఏ ఊళ్లోనో ఇంట్లో పడుకుని ఉంటారు, మనం దాటి వచ్చేశాం. అదే ఆమెతో అన్నాను. ఆమె మళ్లీ చూసి, "నిజమే అంకుల్, ఇప్పుడు ఎవరూ లేరంట" అంది.

లెక్క సరిగ్గానే వచ్చింది. అయినా తలుపు దగ్గరికి వెళ్లినవాళ్లు తిరిగి రాలేదు. సిగ్గుతో చెబుతున్నాను, నేను కూడా కిటికీ వైపు జరిగి కూర్చున్నాను. ముసలాయన సూరత్ వచ్చేదాకా దగ్గు మింగుకుంటూనే ఉన్నాడు.

ఉధనా స్టేషన్ బయట

సూరత్ ఊళ్లోని ఉధనా స్టేషన్ గేటు దగ్గర నా లామినేషన్ కాగితం మీది నలుపు తెలుపు చదరాన్ని ఒకతను ఫోన్‌తో చూశాడు. నా పేరు అడగలేదు, ముఖం చూడలేదు. ఫోన్ సరే అంది, అతను చేయి ఊపాడు.

చాయ్ తాగుదామని ఆగాను. పది రూపాయలు. మా ఊళ్లోనూ అంతే గాని, ఇక్కడ అల్లం ఎక్కువ, పుదీనా కూడా వేస్తారు. నోటు ఇవ్వబోతే చాయ్‌వాలా చేయి వెనక్కి లాక్కుని, ప్లాస్టిక్ గిన్నె చూపించాడు. అందులో వేశాక దాని మీద శానిటైజర్ మందు చిలకరించాడు. మిగతావాళ్లంతా ఫోన్ చూపి వెళ్లిపోతున్నారు. గోడ మీది చిన్న డబ్బా "దస్ రూపయే ప్రాప్త్ హుయే" అని, పది రూపాయలు అందాయని, ఆడగొంతుతో చెబుతుంటే అతను తల కూడా ఎత్తడం లేదు. డబ్బా చెప్పాల్సిన అవసరం లేని గిరాకీని ఆ పావుగంటలో నేనొక్కడినే. నోటు తడిసి గిన్నెలో పడి ఉంటే, నన్నే పక్కన పెట్టినట్టు అనిపించింది.

డిండోలిలో మూడు మంచాలు

బావ ఉండే గది డిండోలి అనే పేటలో. గదికి అయిదుగురు మనుషులు, మూడు మంచాలు. పగటి పాళీవాడు లేచి వెళితే రాత్రి పాళీవాడు వచ్చి అదే మంచం మీద పడుకుంటాడు. దుప్పటి ఇంకా వెచ్చగానే ఉంటుంది. బావ మంచంలో సగం పాలు ఎల్లయ్యది. జగిత్యాల వైపు మనిషి, నలభై ఏళ్లుంటాయి. బావను నర్సన్న అంటాడు, ఆయన తిట్టినా నవ్వుతాడు.

గదికి ఒక్కటే పెద్ద ఫోన్, అయిదుగురూ కలిసి కొన్నది. ప్లాస్టిక్ కవరులో మేకుకు వేలాడుతుంది. అదే కవరులో అందరి ఆధార్ కార్డుల జిరాక్సులు. ఎవరికి మెసేజ్ వచ్చినా గదిలో ఉన్నవాడు చూస్తాడు.

సాంచెల మోతలో ఇరవై ఏళ్లు గడిపినవాళ్లు గట్టిగా మాట్లాడతారు. ఎదుటివాడి మాట చెవితో కంటే పెదవులు చూసి పట్టుకుంటారు. మాస్కులు వచ్చాక వాళ్లకు సగం మాటలు తెగిపోయాయి. "జర మూతి గుడ్డ తియ్యి బామ్మర్దీ, నీ మాట కనవడ్తలేదు" అన్నాడు బావ. నేను తీయలేదు. ఆయన దగ్గు వింటే భయమేసింది. పడుకున్నప్పుడు ఊపిరి లెక్కపెట్టాను, నిమిషానికి ఇరవై నాలుగు. నాది పదహారు.

మర్నాడు పొద్దున పాళీ మారే వేళ, కాగితాలు పరిచి తేదీలు చదివి వినిపించాను. ఎవడో బావ కార్డుతో సూది వేయించుకున్నాడని, అదే కార్డుతో రేపు ఏమైనా చేయగలడని చెప్పాను. అప్పుడే పనినుంచి వచ్చిన ఎల్లయ్య చెప్పులు విడుస్తూ ఆగిపోయాడు. గోడ వైపు తిరిగి పడుకున్నాడు. అలసట అనుకున్నాను.

బడిలో సూదులు

బావ ఒక పూట పని మానుకుని నాతో వచ్చాడు. సూదులు వేసే చోటు దగ్గర్లోని మున్సిపల్ బడి. బెంచీలన్నీ బయట వానకు తడుస్తున్నాయి. కంప్యూటర్ ముందు కూర్చున్న అమ్మాయి పేరు హేమ. మేం తెలుగులో గొణుక్కోవడం విని తెలుగులోనే పలకరించింది. వాళ్ల నాన్న కూడా సాంచెల పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడట. అక్కడ పెద్ద వయసు మగవాళ్లను కాకా అంటారు, ఆమే అలాగే పిలిచింది.

"కాకా, సిస్టమ్‌ల పూరా ఐపోయింది. దోనో డోస్ పడినయ్."

లామినేషన్ టికెట్లు ముందు పెట్టాను. "ఆ రోజు ఈయన మా ఇంట్లో ఉన్నాడమ్మా. ఇదిగో, సీటు నంబరు కూడా ఉంది."

ఆమె టికెట్లను శ్రద్ధగానే చూసింది. "నేను నమ్ముతున్న కాకా. కానీ ఇది నమ్మాలె గదా" అని కంప్యూటర్ వైపు గడ్డం చూపింది. "ఇందుల మూడో డోస్ రాసే గడే లేదు. కొట్టినా తీసుకోదు."

"తప్పని రాసే చోటు లేదా?"

"పైకి రాయొచ్చు. ఎప్పుడు జవాబ్ వస్తదో నాకు తెల్వది. నీ పేరు మీద ఎవడన్న వేసుకున్నడంటే పోలీస్‌ల కంప్లైంట్ గూడ ఇయ్యమంటరు. సోచ్ లో కాకా, జర ఆలోచన జేసుకో."

వెనక వరుసలోవాళ్లు గుజరాతీలో విసుక్కున్నారు. బావ నా మోచెయ్యి పట్టుకున్నాడు. "నడువు. పోలీసోళ్లు గీలీసోళ్లు వద్దు."

సూదులు పక్క గదిలోనే ఉన్నాయి. తెల్లటి డబ్బాలో, మంచు పెట్టి. మాకూ వాటికీ మధ్య ఆరడుగులు.

రింగ్ రోడ్

ఆ మధ్యాహ్నం బావ పనికి వెళ్లాడు. నేను ఒక్కడినే రింగ్ రోడ్ బట్టల మార్కెట్లు చూడటానికి పోయాను. వేల దుకాణాలు, అంతస్తుల మీద అంతస్తులు. కొనేవాళ్లు లేరు, గోల మాత్రం ఉంది. నేను వెళ్లిన వరుసలో పదిహేడు దుకాణాలు లెక్కపెట్టాను. పదకొండింటిలో ఒక మగమనిషి భుజాన చీర వేసుకుని, కర్రకు బిగించిన ఫోన్ ముందు తిరుగుతూ, కుచ్చిళ్లు పట్టి చూపిస్తూ మాట్లాడుతున్నాడు. ఫోన్ అవతల ఎక్కడో కొనేవాళ్లు. "దీదీ, బార్డర్ దేఖియే" అని నవ్వుతున్నాడు. ఫోన్ ఆగగానే ఆ నవ్వూ ఆగిపోతోంది.

ఒక సేటు నా పని సంగతి విని కుర్చీ వేశాడు. ఒక గుడ్డ ముక్క ఇచ్చి, వెయ్యి మీటర్లకు నూలెంత పడుతుందో చెప్పమన్నాడు. పోగులు లెక్కపెట్టి చెప్పడానికి నాకు నాలుగు నిమిషాలు పట్టింది. అతను ఫోన్‌ను గుడ్డ మీద పెట్టి ఫోటో తీశాడు. నేను చెప్పిన అంకే వచ్చింది.

"అరే వాహ్, ఫోన్ పాస్ అయిపోయాడు!" అని వచ్చీరాని తెలుగులో అని, నా వీపు తట్టాడు.

అందరితో పాటు నేనూ నవ్వాను. మెట్లు దిగుతూ ఆ లెక్కను మళ్లీ మొదటినుంచి వేసుకున్నాను. ఫోన్ లెక్క తప్పి ఉంటే ఇంత భయం వేసేది కాదు.

డుమస్

ఆదివారం కారఖానాకు సెలవు. బావ, ఎల్లయ్య, నేను డుమస్ సముద్రానికి పోయాం. అక్కడ ఇసుక నల్లగా ఉంటుంది, మన బొగ్గు గనుల మట్టిలా. టమాటా చక్రాల మీద పచ్చడి పూసి పిండిలో ముంచి వేసే బజ్జీ ఆ చోటి ప్రత్యేకం. పావుకిలో ఎనభై రూపాయలు. మనం మిరపకాయతో చేసే పనిని వాళ్లు టమాటాతో చేస్తారు. నోట్లో పెట్టుకుంటే లోపలి వేడి రసానికి కాలి, నా నాలుక రెండు రోజులు మొద్దుబారింది.

గాలి బాగా వీస్తోంది. గదిలో అయితే ప్రతి మాటా నలుగురికీ వినపడుతుంది. ఇక్కడ ఎవరికీ వినపడదు. అందుకే ఆగాడేమో, ఎల్లయ్య మాస్కు కిందికి లాగి బావ ఎదుట నిలబడ్డాడు, పెదవులు కనబడేలా.

"నర్సన్నా, ఆ సూది నేనే వేసుకున్న."

బావ చేతిలో బజ్జీ అలాగే ఉంది. ఎల్లయ్య ఆగకుండా చెప్పేశాడు.

"ఒక్క నంబరుకు నలుగురి పేర్లే పడుతయట. నేను అయిదోటోణ్ని. సూది మెసేజ్ చూపియ్యకుంటే రేపటికెల్లి సాంచె ఇంకొకనికి ఇస్త అన్నడు కారఖానా సేటు. ఆయన మెసేజ్ జూస్తడు గని పేరు సదువడు. నువ్వు ఊరికి పోయినవ్. నీ కార్డు కవర్ల ఉన్నది. మూతికి గుడ్డ ఉన్నది. మంచం ఒక్కటే, చెద్దరు ఒక్కటే, పేరు గూడ ఒక్కటైతే ఏమైతది అనుకున్న. రెండోది నీకు మళ్ల వేస్తరనుకున్న అన్నా, కంప్యూటర్ గిట్ల గుర్తు వెట్టుకుంటదని నాకేం ఎరుక?"

బావ బజ్జీని కాగితంలో పెట్టాడు. "నా చెద్దరు కప్పుకున్నవ్. నా సబ్బు అరగదీసినవ్. ఇగ నా సూది గూడ గుచ్చుకున్నవారా!" అని పకపకా నవ్వాడు. నవ్వు దగ్గులోకి తిరిగింది. దగ్గు ఆగలేదు. ఇద్దరం పట్టుకుని ఇసుకలో కూర్చోబెట్టాం. ఆయన పెదవులు ఇసుక రంగుకు దగ్గరగా వచ్చాయి. ఎల్లయ్య ఏడుస్తూ ఆయన వీపు రాస్తున్నాడు. నీళ్లు తాగి ఆయన మామూలు కావడానికి తొమ్మిది నిమిషాలు పట్టింది.

ఆ తొమ్మిది నిమిషాల తర్వాత నాకు పోలీసులు, అర్జీలు, ఏవీ పనికిరావనిపించింది. బజ్జీల కాగితం మీద పెన్నుతో రెండు పేర్లు, రెండు చేతులు గీశాను. బావ పేరు మీద రెండు సూదులు పడ్డాయి, ఒకటే ఆయన చేతికి. ఎల్లయ్య పేరు మీద ఏమీ లేదు, చేతికి ఒకటి. ఇప్పుడు ఎల్లయ్య పేరు మీద మొదటిది రాయించి బావ చేతికి వేయించాలి. ఆ తర్వాత ఎల్లయ్య పేరు మీద రెండోది ఎల్లయ్యకే పడుతుంది. రెండు పేర్లు, రెండు చేతులు, నాలుగు సూదులు. సరిపోయింది.

లెక్క సరిపోయినా దాని కింద గీత గీయలేకపోయాను.

"మొదటిదానికీ రెండోదానికీ మధ్య ఎనభై నాలుగు రోజులు ఉండాలి ఎల్లయ్యా. కంప్యూటర్ రేపటి నుంచి లెక్కపెడుతుంది. నీ చేతికి పడి ఇప్పటికే నలభై రోజులైంది. అంటే నువ్వు ఆ నలభై రోజులు ఎక్కువ ఆగాలి. ఈలోపల నీకు జబ్బు చేస్తే…" అని ఆగాను.

ఎల్లయ్య ముక్కు తుడుచుకున్నాడు. "ఆగుత అన్నా. నేను తెచ్చిన తిప్పలే గదా."

మళ్లీ బడికి

సోమవారం మళ్లీ అదే వరుస, అదే కంప్యూటర్, అదే హేమ. బావ చేతిలో ఎల్లయ్య కార్డు. గది ఫోన్ మీద నాలుగు పేర్లూ నిండాయి కనుక నంబరు నాది, చిన్న బటన్ల ఫోన్.

"మాస్క్ తియ్యి కాకా" అంది హేమ.

బావ మాస్కు కిందికి లాగగానే దగ్గు వచ్చింది. వెనక వరుస మొత్తం రెండడుగులు వెనక్కి జరిగింది. "పెట్టుకో, పెట్టుకో!" అని ఆమె కుర్చీ వెనక్కి తోసుకుంది. తర్వాత నన్ను చూసింది. "నువ్వు మొన్న టికెట్లు తెచ్చిన కాకా గదా?"

అబద్ధం నాకు చేతగాదు, నిజం చెబితే బావకు సూది లేదు. ఆమె కార్డు చూసింది, బావను చూసింది, మళ్లీ కార్డు చూసింది.

"మా పప్పాకు ఈడ మూడు పేర్లున్నయ్. కారఖానాల ఒకటి, రేషన్‌ల ఒకటి, ఇంట్ల ఒకటి" అని గొణిగి, మీటలు నొక్కింది. "నీ ఫోన్ల నంబర్ వచ్చింటది, చదువు."

ఆరు అంకెలు. లక్షల లెక్కలు నోటితో చేసే నేను వాటిని తప్పు చదివాను. "గలత్" అంది ఆమె. రెండోసారి ఒక్కొక్క అంకె మీద వేలు పెట్టి, చిన్నపిల్లాడిలా చదివాను.

లోపల నర్సు "ఎల్లయ్యా" అని పిలిచింది. బావ కదలలేదు. మళ్లీ పిలిచింది. ఆమె పెదవులు మాస్కు వెనక ఉన్నాయి, పిలిచింది ఆయన పేరు కాదు. మూడోసారి పిలవబోతుండగా నేను ఆయన వీపు మీద పొడిచాను. ఉలిక్కిపడి లేచాడు. చొక్కా ఎడమ చేయి పైకి మడిచాడు. సూది దిగింది. నేను రెప్ప వేయకుండా చూశాను.

తర్వాత అరగంట అక్కడే కూర్చోవాలి. ఈ ప్రయాణంలో అన్నిటికంటే పొడుగైన అరగంట అదే. ఇప్పుడు ఈయన పడిపోతే ఎల్లయ్య అని రాస్తారు. ఎల్లయ్యకు ఏ జబ్బులున్నాయో చూస్తారు. ఆ పదకొండు రోజుల సంగతి ఎవరికీ తెలియదు. చనిపోతే జగిత్యాలలో ఎల్లయ్య భార్యకు ఫోన్ వెళుతుంది, మా అక్కకు కాదు. బావ మణికట్టు పట్టుకుని నాడి లెక్కపెట్టాను. తొంభై ఆరు. తొంభై రెండు. తొంభై ఆరు. ఎనభై ఎనిమిది.

"ఏందిరా, పెండ్లికొడుకు చెయ్యి వట్టుకున్నట్టు వట్టుకున్నవ్" అన్నాడు బావ.

బయటికి వచ్చాక దోవలో లోచో కొన్నాం. శనగపిండి ఆవిరి మీద మెత్తగా ఉడికించి, పైన నూనె, కారప్పూస చల్లి ఇస్తారు. ప్లేటు ముప్పై రూపాయలు. బావ రెండు ప్లేట్లు తిన్నాడు. రెండోది నాది.

ఇంటికి

రైలు మహారాష్ట్రలోకి వచ్చాక నా ఫోన్ మోగింది. ఎల్లయ్య గారూ, మీ మొదటి టీకా విజయవంతమైంది అన్న అర్థంతో ఇంగ్లీషు మెసేజ్. పక్కాయన చదివి చెప్పి, "ఎల్లయ్య గారంటే మీరేనా?" అని అడిగాడు. "అవును" అన్నాను.

ఇల్లు చేరగానే అక్క నీళ్లు ఇవ్వకముందే మేనకోడలి ఫోన్ తెచ్చింది. సర్టిఫికెట్ తీయించింది. అదే పేరు, అదే పాత తేదీ. నేను వెళ్లకముందు ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది, ఒక్క అంకె మారలేదు.

"గిదేంది తమ్మీ? అప్పుడు గిదే, ఇప్పుడు గిదే. ఇంక నువ్వు పోయి చేసిందేంది?"

జరిగిందంతా చెప్పాను. ఎల్లయ్య మాట చెప్పినప్పుడు పళ్లు కొరికింది. నలభై రోజులు ఎక్కువ ఆగుతానన్నాడని చెప్పినప్పుడు ఊరుకుంది. ఫోన్‌ను అటూ ఇటూ తిప్పి చూసింది, వెనక ఇంకేమైనా రాసి ఉంటుందేమో అన్నట్టు. చివరికి దాన్ని అరుగు మీద బోర్లా పెట్టి నా ముఖంలోకి చూసింది.

"ఏ చెయ్యికి?"

"ఎడమ చెయ్యికి."

"చూసినవా?"

"చూసిన, అక్కా."

ఆమె నా మాస్కు తీసేయించింది. పెదవులు చూస్తూ, మళ్లీ అడిగింది.